ఫోన్ మారిస్తే ఆట మారుతుందా? ఎఫ్‌పీఎస్ గురించి అత్వెల్లి రేకుల గదిలో తేలిన లెక్క

ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలే ఇవి. చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్ది పెట్టాం.

ఈరోజు టాపిక్ ఎఫ్‌పీఎస్. అంటే ఫ్రేమ్స్ పర్ సెకండ్. ఫోన్ కొనేటప్పుడు షాపువాడు చెప్తాడు, రివ్యూల్లో చెప్తారు, గేమ్ సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది. 60, 90, 120 అని నంబర్లు అందరికీ తెలుసు. ఆ నంబర్ పెరిగితే మన ఆటలో నిజంగా ఏం మారుతుందో మాత్రం చాలామందికి తెలీదు. నాకూ మొన్నటిదాకా సగమే తెలుసు.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానంటే, మా బాబాయ్ వాళ్లది అత్వెల్లి. మేడ్చల్ దాటగానే నాగపూర్ హైవే మీద వచ్చే ఊరు. బాబాయ్ దగ్గర్లోనే ఒక కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ చేస్తాడు. వాళ్ల అబ్బాయి ఇంటర్ అయిపోయి సెలవుల్లో ఉన్నాడు. రోజంతా బీజీఎంఐ. మొన్న ఏప్రిల్‌లో నేను పోయినప్పుడు పక్కకి పిలిచి చెప్పాడు.

"అన్నా, నేనే ముందుగల కొట్టిన. కానీ సచ్చింది నేనే. ఫోన్ ల్యాగ్ కొడుతుంది. 120 హెర్ట్జ్ ఫోన్ కావాలె. నువ్వే నాయనకు చెప్పాలె."

ఫోన్ ఈఎంఐలో నెలకి 2,000, పన్నెండు నెలలు. అంటే 24,000. బాబాయ్‌కి అది చిన్న మొత్తం కాదు. నేను మాట ఇచ్చే ముందు ఒకటే అన్నాను. "తమ్మీ, రెండు రోజులు టైం ఇయ్యి. ల్యాగ్ ఎక్కడుందో ముందు దొరకబడదాం. నిజంగా ఫోన్‌లోనే ఉంటే నేనే నాయనతో మాట్లాడతా."

ఆ రెండు రోజుల్లో మేం చూసిందే ఇవాళ మీకు చెప్తున్నా.

సినిమాకి 24 చాలు, మరి గేమ్‌కి ఎందుకు చాలదు?

ముందు బేసిక్స్. చిన్నప్పుడు నోట్‌బుక్ మూలల్లో బొమ్మలు గీసి, పేజీలు గబగబా తిప్పితే బొమ్మ పరిగెత్తేది, గుర్తుందా? ఫ్రేమ్ అంటే అందులో ఒక పేజీ. ఒక సెకనుకి ఎన్ని పేజీలు తిరిగాయో అదే ఎఫ్‌పీఎస్.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మూకీ సినిమాల రోజుల్లో ఇంత కచ్చితంగా ఉండేది కాదు, కెమెరాని చేత్తో తిప్పేవాళ్లు కాబట్టి వేగం అటూ ఇటూ అయ్యేది. 1920ల చివర్లో మాటల సినిమా వచ్చాక, సౌండ్ ఒకే స్పీడులో నడవాలి కాబట్టి 24 స్థిరపడింది. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. ఇప్పటికీ మన సినిమాలు మామూలుగా అదే 24లో ఉంటాయి. 2012లో ది హాబిట్ సినిమాని 48 ఫ్రేములతో రిలీజ్ చేస్తే, ఇదేంటి టీవీ సీరియల్‌లా ఉంది అన్నవాళ్లు కూడా ఉన్నారు.

మరి థియేటర్‌లో 24కి ఎవరూ కంప్లైంట్ చేయరు, గేమ్‌లో 24 వస్తే మాత్రం ఫోన్ విసిరేయాలనిపిస్తుంది. ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, కెమెరా తీసిన ఫ్రేమ్‌లో కదలిక మసకగా పడుతుంది. ఒక్కో ఫ్రేమ్ కోసం షట్టర్ సాధారణంగా సెకనులో 48వ వంతు తెరిచి ఉంటుంది. ఆ టైంలో హీరో చెయ్యి కదిలితే, కదిలినంత మేరా గీతలా పడుతుంది. ఆ మసకే ఒక ఫ్రేమ్‌ని పక్క ఫ్రేమ్‌తో కలిపేస్తుంది. గేమ్‌లో ఫ్రేమ్ అలా తయారవదు. జీపీయూ ఆ క్షణానికి ఒక బొమ్మ గీస్తుంది, అది పదునుగా ఉంటుంది. పదునైన బొమ్మలు తక్కువగా వస్తే, మధ్యలో ఖాళీలు కంటికి తెలిసిపోతాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యం. సినిమాని మనం చూస్తాం, అంతే. గేమ్‌ని మనం నడుపుతాం. తెర మీద హీరో చెయ్యి ఎప్పుడు లేపినా మనకి తేడా లేదు. గేమ్‌లో మనం వేలు కదిపాక వాడు ఎప్పుడు లేపాడన్నది మనకి తెలుస్తుంది.

అందుకే ఎఫ్‌పీఎస్‌కి రెండు పనులున్నాయి. కంటికి సాఫీగా కనిపించడం ఒకటి, చేతికి వెంటనే స్పందించడం ఇంకోటి. ఇవి రెండూ ఒకటి కాదు. ఇవాళ ఎపిసోడ్‌లో ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

నంబర్‌ని టైంలోకి మార్చి చూడండి

ఎఫ్‌పీఎస్ అనే నంబర్ మనల్ని కొంచెం మోసం చేస్తుంది. దాన్ని టైంలోకి మారిస్తే అసలు సంగతి కనిపిస్తుంది. ఒక సెకనులో 1000 మిల్లీసెకన్లు. దాన్ని ఎఫ్‌పీఎస్‌తో భాగిస్తే ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత టైం పడుతుందో వస్తుంది.

30 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కి 33.3 మిల్లీసెకన్లు.
60 అంటే 16.7.
90 అంటే 11.1.
120 అంటే 8.3.
240 అంటే 4.2.

ఇప్పుడు తేడాలు చూడండి. 30 నుంచి 60కి వెళ్తే ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు మిగులుతాయి. 60 నుంచి 120కి వెళ్తే 8.3 మాత్రమే. 120 నుంచి 240కి వెళ్తే 4.2. ప్రతిసారీ నంబర్ డబుల్ అవుతోంది, కానీ లాభం సగం అవుతోంది. అందుకే 30 నుంచి 60కి మారినప్పుడు ఇంట్లో అమ్మకి కూడా తేడా తెలుస్తుంది. 120 నుంచి 240కి మారితే బాగా అలవాటైనవాడికే తెలుస్తుంది.

క్రికెట్‌తో చెప్తా, ఇంకా బాగా అర్థమవుతుంది. మన సిరాజ్ గంటకి 140 కిలోమీటర్ల వేగంతో ఒక బాల్ వేశాడనుకోండి. అంటే సెకనుకి దాదాపు 39 మీటర్లు. పిచ్ పొడవు 22 గజాలు, 20 మీటర్ల పైచిలుకు. పిచ్ పడ్డాక స్పీడ్ తగ్గడం అవన్నీ పక్కన పెడితే, బాల్ అర సెకనులో మీ ముందుంటుంది.

ఇదే బాల్ క్రికెట్ గేమ్‌లో వస్తే? 30 ఎఫ్‌పీఎస్‌లో ఆ అర సెకనుకి మీకు కనిపించేది 15 బొమ్మలు. ఒక్కో బొమ్మకి బాల్ 1.3 మీటర్లు దూకుతుంది. 60లో 30 బొమ్మలు, ఒక్కో దూకుడు 65 సెంటీమీటర్లు. 120లో 60 బొమ్మలు, దూకుడు 32 సెంటీమీటర్లు. టైమింగ్ చూసి స్వైప్ చేయాలంటే బాల్ ఎక్కడుందో కన్ను పట్టుకోవాలి కదా. మీటర్ మీటర్ దూకే బాల్‌ని పట్టుకోవడం కష్టం. ఇది కంటి సంగతి.

మీ వేలు బస్సు కోసం ఎదురుచూస్తుంది

ఇప్పుడు చేతి సంగతి. ఫైర్ బటన్ మీద వేలు పెట్టారు. స్క్రీన్ మీద తూటా కనిపించేలోపు ఏమేం జరుగుతుంది?

ముందు స్క్రీన్ మీ వేలిని గుర్తుపట్టాలి. అది కూడా సెకనుకి ఇన్నిసార్లు అని చెక్ చేస్తుంది. దాన్ని టచ్ శాంప్లింగ్ రేట్ అంటారు. 240 హెర్ట్జ్ అంటే ప్రతి 4.2 మిల్లీసెకన్లకి ఒకసారి. ఫోన్ బాక్స్ మీద ఈ నంబర్ పెద్దగా రాస్తారు, దాన్ని చూసి డిస్‌ప్లే నంబర్ అనుకోకండి. రెండూ వేరు.

తర్వాత ఆ టచ్ గేమ్‌కి చేరుతుంది. కానీ గేమ్ దాన్ని వెంటనే తీసుకోదు. కొత్త ఫ్రేమ్ మొదలుపెట్టినప్పుడే తీసుకుంటుంది. ఇక్కడే బస్సు లెక్క. మేడ్చల్ బస్టాండ్‌లో సికింద్రాబాద్ బస్సు అరగంటకి ఒకటి ఉందనుకోండి. మీరు టైం చూడకుండా వెళ్తే, సగటున పావుగంట ఆగాలి. ఒక్కోసారి వెళ్లగానే దొరుకుతుంది, ఒక్కోసారి కళ్ల ముందే వెళ్లిపోతుంది. బస్సులు పావుగంటకి ఒకటి చేస్తే సగటు ఏడున్నర నిమిషాలకి తగ్గుతుంది. ఫ్రేమ్ ఒక బస్సు. మీ టచ్ ఒక ప్యాసింజర్. ఎఫ్‌పీఎస్ పెంచడం అంటే బస్సులు పెంచడం.

బస్సు ఎక్కాక కూడా ప్రయాణం ఉంది. సీపీయూ మీరు ఏం చేశారో లెక్కేస్తుంది, జీపీయూ బొమ్మ గీస్తుంది, ఆ బొమ్మ క్యూలో నిలబడుతుంది, చివరికి డిస్‌ప్లే మీదకి వస్తుంది. ఇదంతా అయ్యేసరికి సాధారణంగా రెండు మూడు ఫ్రేముల టైం పడుతుంది. మూడు ఫ్రేములే అనుకుందాం. 30 ఎఫ్‌పీఎస్‌లో 100 మిల్లీసెకన్లు. 60లో 50. 120లో 25.

"అన్నా, 50 మిల్లీసెకన్లు ఎవడికి తెలుస్తది?" అన్నాడు మా తమ్ముడు.

మంచి ప్రశ్నే. కంటికి ఏదైనా కనిపించాక మనిషి వేలు కదలడానికే సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. కానీ ఆ టైం నీకూ పడుతుంది, ఎదుటివాడికీ పడుతుంది. ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు మిగిలే తేడానే గెలుపోటమి. ఇంకోటి, ఫైర్ బటన్ ఒక్కసారి నొక్కి వదిలేస్తే అంత తెలీదు. కానీ గన్ రీకాయిల్‌ని వేలితో కిందికి లాగుతూ కంట్రోల్ చేస్తున్నప్పుడు, చూడటం, సరిచేయడం, మళ్లీ చూడటం, మళ్లీ సరిచేయడం ఆగకుండా నడుస్తాయి. నువ్వు చూసేది పాత బొమ్మ అయితే, నువ్వు సరిచేసేది పాత తప్పుని. అందుకే ఎయిమ్ అటూ ఇటూ ఊగుతుంది. స్కిల్ లేదని మనల్ని మనం తిట్టుకుంటాం.

కంటికి సాఫీ, చేతికి అదే లేటు

కంటి పని, చేతి పని వేరు అన్నాను కదా. దానికి మంచి ఉదాహరణ ఫ్రేమ్ ఇన్సర్షన్. కొన్ని ఫోన్లలో, చాలా టీవీల్లో ఈ ఫీచర్ ఉంటుంది. గేమ్ 60 ఫ్రేములే ఇస్తుంటే, మధ్యలో ఇంకో 60 బొమ్మలు ఊహించి కలిపి 120 చేస్తుంది. కంప్యూటర్లలో ఎన్విడియా 2022లో డీఎల్ఎస్ఎస్ 3తో ఇలాంటి పద్ధతే తెచ్చింది.

కంటికి నిజంగా సాఫీగా ఉంటుంది. చేతికి మాత్రం లాభం లేదు. ఎందుకంటే మధ్యలో కలిపిన బొమ్మలు మీ వేలిని అడిగి గీసినవి కావు. గేమ్ మీ టచ్‌ని ఇంకా సెకనుకి 60సార్లే తీసుకుంటోంది. పైగా రెండు బొమ్మల మధ్య బొమ్మ గీయాలంటే రెండో బొమ్మ వచ్చేదాకా ఆగాలి. దానివల్ల స్పందన కొంచెం లేటవుతుంది కూడా. కథ నడిచే గేముల్లో ఇది బాగుంటుంది. షూటింగ్ గేముల్లో ఆపేసుకోవడమే మంచిది.

40 కంటే 30 సాఫీగా ఎలా ఉంటుంది?

ఇప్పుడు మా తమ్ముడి ఫోన్ దగ్గరికి వద్దాం. వాడి ఫోన్ డిస్‌ప్లే 60 హెర్ట్జ్. అంటే స్క్రీన్ సెకనుకి 60సార్లు రిఫ్రెష్ అవుతుంది. ఎఫ్‌పీఎస్ అంటే గేమ్ ఎన్ని బొమ్మలు తయారు చేసింది, హెర్ట్జ్ అంటే స్క్రీన్ ఎన్నిసార్లు మార్చి చూపించింది. వంట చేసేవాడు ఒకడు, వడ్డించేవాడు ఒకడు. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద గేమ్ 90 ఫ్రేములు చేసినా పూర్తిగా వడ్డించేది 60 బొమ్మలే.

వాడి సెట్టింగ్స్ తెరిస్తే గ్రాఫిక్స్ హెచ్‌డీఆర్, ఫ్రేమ్ రేట్ అల్ట్రా. బీజీఎంఐలో ఈ పేర్లు వింటే అన్నీ పెద్ద పేర్లే అనిపిస్తుంది. హై అంటే 30, అల్ట్రా అంటే 40, ఎక్స్‌ట్రీమ్ అంటే 60. ఆ పైన 90, 120 కొన్ని ఫోన్లకే వస్తాయి. అల్ట్రా అంటే చాలా ఎక్కువ అనుకుని వాడు 40లో ఆడుతున్నాడు.

60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 40 ఫ్రేములు ఎలా కూర్చుంటాయి? స్క్రీన్ ప్రతి 16.7 మిల్లీసెకన్లకి మారుతుంది. గేమ్ బొమ్మ ప్రతి 25కి వస్తుంది. లెక్క కుదరదు. కాబట్టి ఒక బొమ్మ రెండుసార్లు కనిపిస్తుంది, తర్వాతి బొమ్మ ఒక్కసారే కనిపిస్తుంది. 33, 17, 33, 17. కుంటుతూ నడిచినట్టు. అదే 30 ఫ్రేములైతే ప్రతి బొమ్మా సరిగ్గా రెండుసార్లు. నెమ్మది, కానీ సమానమైన అడుగులు. అందుకే కొందరికి 40 కంటే 30 సాఫీగా అనిపిస్తుంది. చేతి స్పందనలో 40 కొంచెం ముందుంటుంది, కంటికి 30 నిలకడగా ఉంటుంది. చూశారా, మళ్లీ రెండూ వేరు వేరు.

ఇదే 40ని 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద పెడితే ప్రతి బొమ్మా సరిగ్గా మూడుసార్లు కనిపిస్తుంది. అక్కడ 40 కూడా సాఫీగానే ఉంటుంది.

మేం గ్రాఫిక్స్‌ని స్మూత్‌కి దించి, ఫ్రేమ్ రేట్‌ని ఎక్స్‌ట్రీమ్‌కి మార్చాం. గడ్డి అందంగా లేదని వాడు మొహం మాడ్చాడు. కానీ రెండు నిమిషాలు ఆడి "అన్నా, ఇది వేరే ఫోన్ లెక్క ఉన్నది" అన్నాడు.

పని అయిపోయిందనుకున్నాం. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ మొదటికొచ్చింది.

సగటు నంబర్ చెప్పని సంగతి

ఫోన్ గేమ్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ మీటర్ ఆన్ చేసి చూస్తే 55 చూపిస్తోంది. 55 బాగానే ఉంది కదా, మరి ఎందుకు ఆగి ఆగి పోతోంది?

ఒక లెక్క చేద్దాం. ఒక సెకనులో 54 ఫ్రేములు ఒక్కోటి 15 మిల్లీసెకన్లలో వచ్చాయి. మొత్తం 810. మిగిలిన ఒకే ఒక్క ఫ్రేమ్‌కి 190 మిల్లీసెకన్లు పట్టింది. కలిపితే 1000. మీటర్ 55 ఎఫ్‌పీఎస్ అని చూపిస్తుంది, అబద్ధం కాదు. కానీ ఆ 190 మిల్లీసెకన్లు స్క్రీన్ బొమ్మలా నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే ఎదుటివాడు తలుపు దాటి వస్తే? మీకు కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది.

సగటు బాగుందంటే ఆట బాగుందని కాదు. బావి సగటు లోతు మూడు అడుగులే అని చెప్తే దిగుతామా? ఎక్కడ ఎంత లోతుందో చూస్తాం. ఎఫ్‌పీఎస్‌లో కూడా అంతే. ఎంత ఎక్కువ వస్తుందన్న దానికంటే ఎంత కిందికి పడుతుంది, ఎన్నిసార్లు పడుతుంది అన్నది ముఖ్యం.

మధ్యలో అలా పడటానికి మామూలు కారణాలు ఇవి. స్టోరేజ్ నిండిపోవడం. వెనకాల వాట్సాప్ బ్యాకప్, యాప్ అప్‌డేట్లు నడవడం. గేమ్ అప్పుడే కొత్త ప్రాంతాన్ని లోడ్ చేయడం. అన్నిటికంటే మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పెద్ద కారణం వేడి.

అసలు దొంగ పైకప్పులో ఉన్నాడు

మావాడు ఆడేది మిద్దె మీద రేకుల గదిలో. మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు దాటితే, ఆ రేకుల కింద ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫోన్‌కి పౌచ్. పైగా ఛార్జింగ్ పెట్టి ఆట.

మామూలు ఫోన్లలో చిప్‌కి ఫ్యాన్ ఉండదు. లోపలి వేడి ఫోన్ ఒంటి మీదుగా గాలిలోకి పోవాలి. గాలే వేడిగా ఉంటే ఎక్కడికి పోతుంది? ఒక హద్దు దాటగానే చిప్ తనని తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఫోన్ పాడైందని కాదు, పాడవకుండా చూసుకుంటోందని అర్థం.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. చిప్‌ని ఎక్కువ స్పీడులో నడపాలంటే ఎక్కువ వోల్టేజ్ ఇవ్వాలి. అందుకే స్పీడ్ కొంచెం పెంచితే కరెంటు ఖర్చు అంతకంటే ఎక్కువ పెరుగుతుంది, వేడి కూడా అంతే. ఊరికే ఎక్కువ ఎఫ్‌పీఎస్ పెట్టుకుంటే మొదటి పది నిమిషాలు రాజా, తర్వాత బంటు. మ్యాచ్‌లో చివరి సర్కిల్ ఎప్పుడొస్తుంది? చివర్లోనే కదా. సరిగ్గా అప్పుడే ఫోన్ చేతులెత్తేస్తుంది.

మేం చేసింది చెప్తా. పౌచ్ తీశాం. ముందే ఛార్జింగ్ పెట్టుకుని, ఆడేటప్పుడు వైర్ పీకేశాం. బ్రైట్‌నెస్ తగ్గించాం. కింద హాల్లో ఫ్యాన్ గాలి తగిలేచోట కూర్చున్నాం. ఒక్కటి మాత్రం చేయకండి, ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే లోపల తేమ పట్టి అసలుకే మోసం వస్తుంది.

అదే ఫోన్, అదే సెట్టింగ్. మ్యాచ్ చివరిదాకా నిలబడింది.

ల్యాగ్ అని అన్నీ ల్యాగ్ కావు

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది. "నేనే ముందుగల కొట్టిన, సచ్చింది నేనే" అన్నాడు కదా. అది ఎఫ్‌పీఎస్ పనేనా?

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. గేమ్‌లో ఒకచోట నిలబడి కెమెరాని గుండ్రంగా తిప్పండి. కెమెరా తిప్పడం పూర్తిగా మీ ఫోన్‌లోనే జరుగుతుంది, దానికి నెట్ అవసరం లేదు. తిప్పేటప్పుడు ఆగి ఆగి పోతే ఫ్రేముల సమస్య. కెమెరా వెన్నలా తిరుగుతూ, ఎదుటివాళ్లు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే, తూటాలు తగిలినట్టే తగిలి లెక్కలోకి రాకపోతే, అది నెట్‌వర్క్. దానికి 120 హెర్ట్జ్ కాదు కదా, లక్ష రూపాయల ఫోన్ కూడా మందు కాదు.

ఎవడు ముందు కొట్టాడని తేల్చేది మీ ఫోన్ కాదు, సర్వర్. మీ ఫోన్ నుంచి సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైమే పింగ్. సర్వర్ ముంబైలో ఉందనుకుందాం. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన మన దగ్గర్నుంచి ముంబైకి పోవడానికి నాలుగైదు మిల్లీసెకన్లు మించకూడదు. మరి పింగ్ 100, 150 ఎందుకు చూపిస్తుంది? దారిలో టవర్లు, రూటర్లు, రద్దీ, అన్నిటికంటే ముందు మీ ఫోన్‌కి టవర్‌కి మధ్య సిగ్నల్.

మళ్లీ అదే రేకుల గది! ఇనుప రేకులు రేడియో సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. గదిలో ఉన్నంతసేపు సిగ్నల్ గీతలు ఒకటీ రెండు మధ్య ఊగుతున్నాయి, పింగ్ పైకీ కిందికీ ఎగురుతోంది. కింద హాల్లో కిటికీ పక్కన నిలకడగా ఉంది. ఎఫ్‌పీఎస్ పడిపోయినా అదే గది, పింగ్ ఎగిరినా అదే గది. మావాడు ఇన్నాళ్లూ ఫోన్‌ని తిట్టాడు.

మరి 120 హెర్ట్జ్ ఫోన్ దండగేనా?

కాదు. అలా చెప్తే నేను అబద్ధం చెప్పినట్టు. 60 నుంచి 120కి పోతే, ఇందాకటి మూడు ఫ్రేముల లెక్కలో 50 మిల్లీసెకన్లు 25 అవుతాయి. ఎదుటివాడితో సమానంగా ఆడేవాడికి, టోర్నమెంట్ సీరియస్‌గా తీసుకున్నవాడికి ఆ 25 నిజమైన లాభం. స్క్రోలింగ్ కూడా కంటికి హాయిగా ఉంటుంది. కానీ రెండు షరతులు. ఆ ఫోన్‌లో మీరు ఆడే గేమ్‌కి 90 లేదా 120 ఆప్షన్ వస్తుందో లేదో ముందే కనుక్కోండి. స్క్రీన్ 120 హెర్ట్జ్ ఉన్నంత మాత్రాన గేమ్ 120 ఇవ్వదు. రెండోది, అరగంట ఆడాక కూడా ఆ నంబర్ నిలబడుతుందా అని చూడండి. షాపులో ఏసీలో రెండు నిమిషాల డెమో చూసి నమ్మొద్దు.

లూడో, చెస్, క్యాండీ క్రష్ ఆడేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. అక్కడ 60 ధారాళం.

కొనే ముందు మీ ఇంట్లోనే చేసుకోగలిగే టెస్ట్ ఒకటి చెప్తా. ఫ్రెండ్ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో 240 ఎఫ్‌పీఎస్‌లో పెట్టి, మీ వేలు, స్క్రీన్ రెండూ కనిపించేలా తీయండి. తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్ ముందుకి జరుపుతూ, వేలు తగిలిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద మార్పు వచ్చేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు. 24 ఫ్రేములు వస్తే 100 మిల్లీసెకన్లు. పదిసార్లు తీసి సగటు చూడండి, ఒక్కసారి తీసింది నమ్మకండి, బస్సు లెక్క గుర్తుంది కదా. ఫోన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కాలుతున్నప్పుడు ఒకసారి తీయండి. మేం తీస్తే తేడా కళ్లకి కట్టినట్టు కనిపించింది. మా తమ్ముడు నోట్‌బుక్‌లో లెక్క రాస్తుంటే చిన్నమ్మ చూసి, వీడు సెలవుల్లో పుస్తకం పట్టుకున్నాడేంటని ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు వరసగా చెప్తా, స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొదట కెమెరా తిప్పి చూడండి, సమస్య ఫ్రేముల్లో ఉందా నెట్‌లో ఉందా తేల్చుకోండి. తర్వాత గ్రాఫిక్స్ తగ్గించి ఫ్రేమ్ రేట్ పెంచండి. మ్యాచ్ చివరిదాకా నిలబడే నంబర్ దగ్గర ఆగండి, 60 ఊగుతుంటే నిలకడైన 30 నయం. పౌచ్, ఛార్జర్, వేడి గది వదిలేయండి. స్టోరేజ్ ఖాళీ చేయండి. ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే అప్పుడు కొత్త ఫోన్ గురించి ఆలోచించండి.

చివరికి ఏమైందంటే, రెండో రోజు రాత్రి బాబాయ్ షిఫ్ట్ నుంచి వచ్చాక నేను ఫోన్ ఊసు ఎత్తబోతుంటే, మా తమ్ముడే ఆపాడు. "ఇప్పుడొద్దులే అన్నా. ఎండలు పోయినంక సూద్దాం" అన్నాడు. ఆ రాత్రి హాల్లో కిటికీ పక్కన కూర్చుని మూడు మ్యాచ్‌లు ఆడాడు. రెండు ఓడిపోయాడు.

"ఇప్పుడేమంటవ్ తమ్మీ, ల్యాగా?" అని అడిగా.

"లేదన్నా. వాడు మంచిగ ఆడిండు" అన్నాడు.

24,000 మిగలడం కంటే నాకు ఆ మాటే నచ్చింది. ఎక్కడ ఫోన్ తప్పు, ఎక్కడ గది తప్పు, ఎక్కడ మన తప్పు అని విడివిడిగా తెలిస్తేనే ఆట బాగుపడుతుంది.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా ఫోన్ ల్యాగ్ కొడుతోందని కొత్తది అడుగుతుంటే, ముందు ఈ కెమెరా టెస్ట్ చేయించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.